ప్రయోక్త నుంచి పీఠికాకర్త దాకా: హార్లీ గ్రాన్‌విల్ బార్కర్ రంగస్థల ప్రస్థానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఇంగ్లండ్ నాటకరంగం దిశ మార్చిన వారిలో హార్లీ గ్రాన్‌విల్ బార్కర్ (1877–1946) ముఖ్యుడు. నటుడు, ప్రయోక్త, నాటకకర్త, విమర్శకుడు అనే నాలుగు పాత్రలనూ అతడు ఒక్కడే నిర్వహించాడు. నలభయ్యేళ్లు నిండకముందే ప్రయోగరంగం నుంచి దాదాపు తప్పుకొని, మిగిలిన జీవితాన్ని రచనకు కేటాయించాడు. ఈ నిష్క్రమణను పలాయనంగా చూడడం విమర్శలో పరిపాటి. ప్రయోక్తగా అతడు సాధించినదేమిటో, నాటకకర్తగా ఎదుర్కొన్న అడ్డంకులేమిటో పరిశీలించి, షేక్‌స్పియర్ నాటకాలకు అతడు రాసిన పీఠికలను ఆ ప్రయోగజీవితానికి కొనసాగింపుగా చదవవచ్చునని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రాన్‌విల్ బార్కర్, ప్రయోక్త, కోర్ట్ థియేటర్, నాటక నిషేధం, షేక్‌స్పియర్ పీఠికలు, జాతీయ రంగస్థలం.

1. ఉపోద్ఘాతం

మన విశ్వవిద్యాలయాల్లో షేక్‌స్పియర్‌ను చదివినవారికి గ్రాన్‌విల్ బార్కర్ ఒక విమర్శకుడిగానే తెలుసు. ‘షేక్‌స్పియర్ పీఠికలు’ గ్రంథాలయపు అరల్లో బ్రాడ్లీ విషాదాంత విమర్శ పక్కనే కనిపిస్తాయి. పరీక్షకు కావలసిన నాలుగు మాటలు వాటి నుంచి ఎత్తి రాసుకుంటాం. ఆ పీఠికలు రాసిన వ్యక్తి అంతకుముందు పదిహేనేళ్లు లండన్ రంగస్థలం మీద కూలివాడిలా శ్రమించాడనీ, బెర్నార్డ్ షా నాటకాలకు ప్రేక్షకులను తెచ్చిపెట్టినవాడు అతడేననీ, స్వయంగా గొప్ప నాటకకర్త అనీ మన పాఠ్యక్రమం చెప్పదు. బార్కర్ ఏ మూసలోనూ పూర్తిగా ఇమడకపోవడం ఇందుకు ఒక కారణం. నాటకకర్తల చరిత్రలో అతడిని ప్రయోక్త అంటారు. ప్రయోక్తల చరిత్రలో విమర్శకుడంటారు. విమర్శ చరిత్రలో రంగస్థలం మనిషి అని పక్కన పెడతారు.

పరిభాష గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బార్కర్ కాలంలో ఇంగ్లండ్‌లో నాటకాన్ని తీర్చిదిద్దే వ్యక్తిని ‘ప్రొడ్యూసర్’ అనేవారు. ‘డైరెక్టర్’ అన్న మాట ఆ అర్థంలో తరువాత స్థిరపడింది. సినిమా వాడుక వల్ల ‘ప్రొడ్యూసర్’ అనగానే మనకు డబ్బు పెట్టే నిర్మాత గుర్తుకొస్తాడు కనుక, బార్కర్ విషయంలో ఆ మాటను యథాతథంగా తీసుకుంటే పొరపాటు జరుగుతుంది. మన నాటక సంప్రదాయంలోని ‘ప్రయోక్త’ అన్న మాట అతడి పనికి చక్కగా సరిపోతుంది. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుతున్నాను.

2. నటుడిగా తొలి దశ

బార్కర్ 1877 నవంబరు 25న లండన్‌లో జన్మించాడు. తల్లి కవితలను, నాటక ఘట్టాలను సభల్లో వినిపించే కళాకారిణి. చిన్నతనంలోనే అతడు ఆమెతో కలిసి వేదికలెక్కాడు. క్రమమైన పాఠశాల చదువు అతడికి పెద్దగా లేదు. 1891లో, పదమూడేళ్ల వయసులో, మార్గేట్ పట్టణంలో సారా థోర్న్ నడిపే నాటకశాలలో శిక్షణకు చేరాడు. షేక్‌స్పియర్ మీద అంత పాండిత్యంతో రాసిన మనిషి ఏ విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థి కాడు.

అతడి ఆలోచనను మలుపు తిప్పింది 1899. ఆ ఏడు విలియం పోయెల్ స్థాపించిన ఎలిజబెతన్ స్టేజ్ సొసైటీ ‘రెండవ రిచర్డ్’ను ప్రదర్శించింది. రాజు పాత్ర బార్కర్‌ది. అలంకృతమైన తెరలూ కట్టడాలూ లేకుండా, ఎలిజబెత్ కాలపు ఖాళీ వేదిక మీద, వేగంగా సాగే వాక్కుతో షేక్‌స్పియర్‌ను ఆడాలన్నది పోయెల్ పట్టుదల. పోయెల్‌ది ఒక రకంగా పురావస్తు పరిశోధకుడి దృష్టి. బార్కర్ అందులోని సూత్రాన్ని తీసుకొని ఛాందసాన్ని వదిలేశాడని, పన్నెండేళ్ల తరువాత అతడు చేసిన ప్రయోగాలను చూస్తే అర్థమవుతుంది.

అదే ఏడు లండన్‌లో స్టేజ్ సొసైటీ ఏర్పడింది. వ్యాపార నాటకశాలలు ముట్టని నాటకాలను సభ్యుల కోసం ప్రదర్శించే సంఘమిది. బార్కర్ తొలి ముఖ్య నాటకం ‘ది మారీయింగ్ ఆఫ్ ఆన్ లీట్’ 1902లో ఈ సంఘం ద్వారానే వేదిక ఎక్కింది. 1900లో షా ‘కాండిడా’లో యువకవి మార్చ్‌బ్యాంక్స్ పాత్ర ధరించడం వల్ల షాతో అతడికి సాన్నిహిత్యం కుదిరింది. షా అతడికంటే ఇరవై ఒక్కేళ్లు పెద్ద. వారి మధ్య పెరిగినది దాదాపు తండ్రీకొడుకుల అనుబంధం. అది తెగిపోయిన తీరును ముందుముందు చూద్దాం.

3. కోర్ట్ థియేటర్: మూడేళ్ల ప్రయోగశాల (1904–1907)

స్లోన్ స్క్వేర్‌లోని కోర్ట్ థియేటర్ చిన్నది, దాదాపు ఆరువందల మంది పట్టే నాటకశాల. 1904లో దాని యజమాని షేక్‌స్పియర్ నాటకమొకటి ప్రయోగించమని బార్కర్‌ను పిలిచాడు. అందుకు ప్రతిగా ‘కాండిడా’ను కొన్ని మధ్యాహ్నాలు ఆడుకోనివ్వాలని బార్కర్ షరతు పెట్టాడు. ఆ శాల వ్యవహారాలు చూసే జె. ఇ. వెడ్రెన్‌తో చేతులు కలపడం అలా మొదలైంది. ఆ ఏడు అక్టోబరులో యూరిపిడిస్ ‘హిప్పొలిటస్’తో వారి నిర్వహణ ఆరంభమై 1907 వేసవి దాకా సాగింది. ఆ మూడు సీజన్లలో 17 మంది రచయితల 32 నాటకాలు, మొత్తం 988 ప్రదర్శనలు జరిగాయి. అందులో షావే 11 నాటకాలు, 701 ప్రదర్శనలు.

ఈ అంకెలను ఊరికే దాటవేయకూడదు. అప్పటి లండన్‌లో ఒక నాటకం జనాన్ని ఆకర్షిస్తే నెలల తరబడి అదే ఆడేది. ఆకర్షించకపోతే వారంలో మూతపడేది. రెంటికీ మధ్య మార్గం లేదు. కొత్త రచయితకు అందులో చోటు దొరకదు, నటుడికి ఒకే పాత్రను మూడువందల సార్లు వల్లించడం తప్ప ఎదుగుదల ఉండదు. బార్కర్ పద్ధతి వేరు. కొత్త నాటకాన్ని ముందు వారపు మధ్యాహ్నాల్లో పరిమితంగా ఆడి, నిలిచినదాన్ని సాయంత్రాలకు మార్చేవాడు. అది బాగా ఆడుతున్నా కొన్ని వారాలకు ఆపి మరొకదానికి చోటిచ్చేవాడు. లాభం వచ్చే చోట ఆపడమేమిటని వ్యాపారస్తులు విస్తుపోయారు. షా ‘జాన్ బుల్స్ అదర్ ఐలండ్’ చూస్తూ ఏడవ ఎడ్వర్డ్ రాజు నవ్వు పట్టలేక కుర్చీ విరగ్గొట్టాడన్న కథ లండన్‌లో ప్రసిద్ధం. ఆ తరువాత కోర్ట్ థియేటర్‌కు వెళ్లడం మర్యాదస్తుల అలవాటైంది.

గిల్బర్ట్ మర్రే అనువదించిన గ్రీకు విషాదాంతాలకు ఈ వేదిక మీద స్థానం దొరికింది. గాల్స్‌వర్దీ తొలి నాటకం ‘ది సిల్వర్ బాక్స్’ 1906లో ఇక్కడే వచ్చింది. స్త్రీల ఓటుహక్కు ఉద్యమం మీద ఎలిజబెత్ రాబిన్స్ రాసిన ‘వోట్స్ ఫర్ విమెన్’ను 1907లో బార్కర్ ప్రయోగించాడు. అందులోని బహిరంగ సభ దృశ్యంలో జనసమూహాన్ని నడిపిన తీరు ఎంతో పేరు తెచ్చింది. షా నాటకాల అభ్యాసాలను చాలావరకు షాయే చూసుకునేవాడు, బార్కర్ నటించేవాడు. ‘మేన్ అండ్ సూపర్‌మేన్’లో టానర్ పాత్రకు షా పోలికలు వచ్చేలా గడ్డం పెట్టుకున్నాడు. ‘మేజర్ బార్బరా’లో గ్రీకు పండితుడు కజిన్స్ వేషం వేశాడు. ఆ పాత్రకు నమూనా గిల్బర్ట్ మర్రే.

ప్రయోక్తగా అతడి విశిష్టత సమష్టి నటన. ప్రధాన నటుడు వేదిక మధ్యలో నిలబడితే మిగతావారు చుట్టూ దిష్టిబొమ్మల్లా నిలబడే ఆచారాన్ని అతడు మాన్పించాడు. రెండు మాటలున్న పాత్రధారికి కూడా ఆ పాత్ర ఎక్కడి నుంచి వచ్చింది, వేదిక దిగాక ఎక్కడికి పోతుంది అన్న ఊహ ఉండాలనేవాడు. షా దీన్ని పూర్తిగా మెచ్చలేదు. తన పాత్రలు గొంతెత్తి మాట్లాడాలని అతడి కోరిక, బార్కర్‌కేమో మెల్లగా పలికే మాట మీద మక్కువ. ఒకే వేదికను పంచుకున్న ఈ ఇద్దరి అభిరుచుల తేడా బార్కర్ సొంత నాటకాల్లో స్పష్టమవుతుంది.

4. నాటకకర్త: వారసత్వంగా వచ్చిన మోసం

‘ది వాయ్సీ ఇన్‌హెరిటెన్స్’ 1905లో కోర్ట్ థియేటర్‌లో ప్రదర్శితమైంది. వాయ్సీ కుటుంబం పేరున్న సొలిసిటర్లది. వితంతువులు, వృద్ధులు, మైనర్ పిల్లలు తమ సొమ్మును వారి దగ్గర నమ్మి ఉంచుతారు. కొడుకు ఎడ్వర్డ్ సంస్థలో భాగస్వామి అయ్యాక లెక్కలు చూసి నివ్వెరపోతాడు. అసలు సొమ్ములో చాలాభాగం ఎప్పుడో పోయింది. తండ్రి ఆ సొమ్ముతో సట్టా వ్యాపారం చేస్తూ, ఖాతాదారులకు వడ్డీ మాత్రం క్రమం తప్పకుండా చెల్లిస్తున్నాడు. నిలదీస్తే, ఈ చిక్కు తన తండ్రి తనకు అప్పగించినదేననీ, తాను దాన్ని మోస్తున్నానేగాని సృష్టించలేదనీ చెబుతాడు. అది నిజమో కాదో నాటకం తేల్చదు.

తండ్రి మరణించాక ఎడ్వర్డ్ ఏం చేయాలన్నది అసలు నాటకం. మోసాన్ని బయటపెడితే చిన్న ఖాతాదారులు ముందుగా నాశనమవుతారు. దాస్తే తానూ నేరస్థుడు. అంత్యక్రియలు ముగిసిన పూట భోజనాల గదిలో కుటుంబమంతా కూర్చున్నప్పుడు అతడు నిజం చెబుతాడు. ఆ దృశ్యం బార్కర్ శక్తికి నిదర్శనం. అన్నదమ్ములకు, వారి భార్యలకు నేరం కంటే తమకు రావలసిన వాటా గురించి, పరువు గురించి ఎక్కువ దిగులు. ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరి సౌకర్యం వారికి ధర్మంగా కనిపిస్తుందంతే. చివరికి ఎడ్వర్డ్, పేద ఖాతాదారుల సొమ్ము ముందుగా భర్తీ చేయడానికి అదే మోసాన్ని కొనసాగించే నిర్ణయం తీసుకుంటాడు. మంచితనం నేరంతో తప్ప సాధ్యం కాని స్థితి ఇది. షా అయితే ఈ ఇతివృత్తం నుంచి పెట్టుబడి మీద ఒక మహోపన్యాసం రాబట్టేవాడు. బార్కర్ ఉపన్యాసం జోలికి పోకుండా బల్ల చుట్టూ కూర్చున్న మనుషుల మౌనాన్ని చూపాడు. నా దృష్టిలో అతడి నాటకాల్లో ఇదే ఉత్తమం.

‘ది మద్రాస్ హౌస్’ (1910) శీర్షిక తెలుగు పాఠకుడిని కొంత ఊరిస్తుంది. అది మన మద్రాసు కథ కాదు. మద్రాస్ అన్నది ఒక కుటుంబం ఇంటిపేరు, మద్రాస్ హౌస్ వారు నడిపే దుస్తుల వ్యాపారసంస్థ. మొదటి అంకంలో పెళ్లికాని ఆరుగురు అక్కచెల్లెళ్లు ఒక ఆదివారం ఇంట్లో కూర్చొని ఉంటారు. రెండో అంకంలో, దుకాణం వసతిలోనే ఉండి పనిచేసే ఒక యువతి గర్భవతి అవుతుంది, అందుకు కారకుడెవరో చెప్పడానికి నిరాకరిస్తుంది. మూడో అంకంలో కొత్త ఫ్యాషన్ దుస్తులు ధరించిన అమ్మాయిలు నడిచి వెళ్తుంటే మగవాళ్లు స్త్రీ సమస్య మీద గంభీరంగా చర్చిస్తారు. స్త్రీని అమ్మకపు సరుకుగా చూసే సమాజాన్ని ఒక్కో అంకంలో ఒక్కో గదిలో నిలబెట్టి చూపిన నిర్మాణమిది. మన ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు వెలువడినది దీనికి ఒక్క ఏడాది ముందు, 1909లో. ఇద్దరు రచయితలకూ పరస్పర పరిచయం ఉందనడానికి ఆధారమేమీ లేదు, అలాంటి ప్రభావాన్ని ఊహించడం నా ఉద్దేశం కాదు. గురజాడ వలెనే బార్కర్ కూడా తన నాటకాలను ఏళ్ల తరబడి తిరగరాశాడన్నది మాత్రం పాఠపరిష్కరణ మీద పనిచేసేవారు గమనించదగిన విషయం. ‘కన్యాశుల్కం’ 1897, 1909 ప్రతులను పోల్చి చదవడం మనకు అలవాటే. బార్కర్ ‘వేస్ట్’ నాటకానికీ 1907 ప్రతి ఒకటి, పూర్తిగా తిరగరాసిన 1926 ప్రతి ఒకటి ఉన్నాయి. ఆ నాటకాన్ని ప్రస్తావించేవారు ఏ ప్రతి గురించి మాట్లాడుతున్నారో చెప్పకపోవడం తరచు కనిపించే లోపం.

5. ‘వేస్ట్’ నిషేధం

‘వేస్ట్’ నాయకుడు హెన్రీ ట్రెబెల్ మేధావి అయిన రాజకీయవేత్త. ఇంగ్లండ్ మతసంస్థను రాజ్యం నుంచి వేరుచేసి దాని సంపదను విద్యకు మళ్లించే బిల్లు అతడి జీవితాశయం. భర్తకు దూరంగా ఉంటున్న ఏమీ ఓకానెల్‌తో అతడికి క్షణికమైన సంబంధం ఏర్పడుతుంది. ఆమె గర్భం దాల్చి, రహస్యంగా గర్భస్రావం చేయించుకొని మరణిస్తుంది. మంత్రివర్గం ఏర్పాటు చేయబోతున్న పెద్దలు ఒక గదిలో సమావేశమై, విషయాన్ని కప్పిపుచ్చడానికి సిద్ధపడుతూనే, ట్రెబెల్‌ను వదిలించుకోవాలని నిశ్చయిస్తారు. బిల్లు పోయిందని తెలిశాక అతడు ఆత్మహత్య చేసుకుంటాడు.

అప్పటి చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ప్రతి కొత్త నాటకప్రతినీ ముందుగా లార్డ్ చాంబర్లేన్ అనే రాజగృహ అధికారి కార్యాలయానికి సమర్పించి అనుమతి పొందాలి. 1737లో వచ్చిన ఈ ఏర్పాటును 1843 చట్టం కొనసాగించింది. ప్రతులను చదివి నిర్ణయించే జార్జ్ రెడ్‌ఫోర్డ్ అంతకుముందు బ్యాంకు ఉద్యోగి. గర్భస్రావ ప్రస్తావనను పూర్తిగా తీసివేయాలనీ, స్త్రీపురుష సంబంధాల గురించిన మాటలను తగ్గించాలనీ అతడు కోరాడు. అది తీసేస్తే నాటకమే లేదు. బార్కర్ ఒప్పుకోలేదు, అనుమతి రాలేదు. సంభోగాన్ని, వ్యభిచారాన్ని హాస్యంగా చూపే ప్రహసనాలు అదే లండన్‌లో అదే కాలంలో నిరాటంకంగా ఆడుతున్నాయి. దాని పర్యవసానాన్ని గంభీరంగా చూపినప్పుడే అధికారికి అభ్యంతరం కలిగింది. రాజకీయ నాయకుల గదిలోని బేరాలు అసలు కారణమై ఉంటాయన్న అనుమానం అప్పుడే వ్యక్తమైంది. ఆ గది దృశ్యం చదివినవారికి ఆ అనుమానం అసంగతంగా తోచదు.

1907 అక్టోబరులో 71 మంది నాటకకర్తలు ఈ వ్యవస్థను నిరసిస్తూ ‘ది టైమ్స్’ పత్రికకు లేఖ రాశారు. నవంబరులో స్టేజ్ సొసైటీ ‘వేస్ట్’ను సభ్యుల కోసం ప్రదర్శించింది. ట్రెబెల్ పాత్ర బార్కర్‌దే. మరుసటి జనవరిలో గ్రంథస్వామ్య హక్కు కాపాడుకోవడానికి జరిపిన పఠనంలో షా, హెచ్. జి. వెల్స్ వంటివారు పాత్రలు చదివారు. 1909లో పార్లమెంటు సంయుక్త సంఘం విచారణ జరిపింది. బార్కర్ సాక్ష్యమిచ్చాడు. చట్టం మారలేదు. ‘వేస్ట్’ సాధారణ ప్రజల ముందుకు వచ్చేసరికి 1936 అయింది. ముందస్తు అనుమతి పద్ధతి 1968లో గాని రద్దు కాలేదు.

మన దేశంలో 1876 నాటక ప్రదర్శనల చట్టం మీద పరిశోధన చేసేవారికి ఈ ఘట్టం ఉపయుక్తం. వలసప్రభుత్వం ఇక్కడ తెచ్చినది నిషేధించే అధికారం. ప్రదర్శనను ఆపవచ్చు, ఆడినవారిని శిక్షించవచ్చు. ఇంగ్లండ్‌లోది అనుమతి ఇచ్చే అధికారం, శిక్ష దాకా పోనక్కరలేకుండా నాటకం పుట్టకముందే ఆగిపోతుంది. రెండో పద్ధతి మెత్తనిదిగా కనిపిస్తుంది గాని రచయిత కలం మీద దాని బరువు ఎక్కువ. 1907 తరువాత బార్కర్ రాసిన పూర్తిస్థాయి నాటకాలు వేళ్ల మీద లెక్కించవచ్చు.

6. సెవాయ్ షేక్‌స్పియర్ (1912–1914)

కోర్ట్ విజయాన్ని పెద్ద శాలకు తరలిద్దామని వెడ్రెన్, బార్కర్‌లు 1907 చివర సెవాయ్ థియేటర్‌కు వెళ్లి నష్టపోయారు. 1910లో అమెరికన్ నిర్వాహకుడు చార్లెస్ ఫ్రోమన్ డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో నాటకాలను మార్చిమార్చి ఆడే సీజన్ నడిపినా, అదీ కొన్ని నెలల్లోనే ముగిసింది. ఆ సీజన్‌లో బార్కర్ ప్రయోగించిన గాల్స్‌వర్దీ ‘జస్టిస్’ను మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఏకాంత ఖైదీ తన గది తలుపును బాదే దృశ్యంలో ఒక్క మాట ఉండదు. అప్పటి హోం మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఏకాంతవాస శిక్షను తగ్గించడానికి ఈ నాటకం కూడా తోడ్పడింది.

1912లో మళ్లీ సెవాయ్‌కి వచ్చి సెప్టెంబరులో ‘ది వింటర్స్ టేల్’, నవంబరులో ‘ట్వెల్ఫ్త్ నైట్’, 1914 ఫిబ్రవరిలో ‘ఎ మిడ్‌సమర్ నైట్స్ డ్రీమ్’ ప్రయోగించాడు. అప్పటివరకు లండన్ షేక్‌స్పియర్ అంటే బీర్‌బోమ్ ట్రీ తరహా వైభవం. అడవి దృశ్యంలో బతికున్న కుందేళ్లను వదిలిన ప్రయోగమది. దృశ్యాలు మార్చడానికి సమయం పడుతుంది కనుక పాఠాన్ని కత్తిరించేవారు, సన్నివేశాల వరుసనే మార్చేవారు. కట్టడం కోసం కవిత్వాన్ని నరకడమన్నమాట. రంగులు వేసిన తెరల మోజులో పద్యనాటకం ఏం పోగొట్టుకుంది, ఏం సంపాదించుకుంది అన్న మన చర్చలు ఇక్కడ గుర్తుకు రావడం సహజం.

బార్కర్ దాదాపు పూర్తి పాఠాన్ని ఆడించాడు. వేదిక ముందుభాగాన్ని ప్రేక్షకుల్లోకి పొడిగించాడు. కింది నుంచి వెలిగే దీపాల వరుసను తీసేసి బాల్కనీ ముందు నుంచి వెలుగు పడేలా చేశాడు. మాట వేగం పెంచాడు, అంకాల మధ్య ఎడతెగని ప్రవాహం తెచ్చాడు. నార్మన్ విల్కిన్సన్ తయారుచేసిన రంగాలంకరణ ఏ ప్రదేశాన్నీ అనుకరించదు, సూచిస్తుంది. మూడో నాటకంలో యక్షకన్యలకు రెక్కల తెల్లగౌన్లకు బదులు ఒళ్లంతా బంగారురంగు పూయించాడు. మెండెల్సన్ సంగీతం స్థానంలో సెసిల్ షార్ప్ సేకరించిన ఇంగ్లిష్ జానపద బాణీలు వాడాడు. విమర్శకులు రెండుగా చీలిపోయారు. ‘వింటర్స్ టేల్’ ఆరువారాలకే ఆగింది, ‘ట్వెల్ఫ్త్ నైట్’ వందకు పైగా ప్రదర్శనలు ఆడింది. హెర్మయొనీ, వయోలా పాత్రలు ధరించినది అతడి భార్య లిల్లా మెకార్తీ. పెట్టుబడి సమకూర్చడంలో కూడా ఆమె శ్రమ ఉంది. బార్కర్ కథ చెప్పేటప్పుడు ఆమెను నటిగా మాత్రమే పేర్కొని వదిలేయడం అన్యాయం.

7. నిష్క్రమణ

యుద్ధం మొదలైంది. 1915లో బార్కర్ న్యూయార్క్ వెళ్లి నాటకాలు ఆడించాడు, అమెరికన్ విశ్వవిద్యాలయాల క్రీడాంగణాల్లో గ్రీకు విషాదాంతాలను ప్రయోగించాడు. అక్కడే హెలెన్ హంటింగ్టన్‌తో ప్రేమలో పడ్డాడు. ఆమె ధనిక కుటుంబపు ఇల్లాలు, రచయిత్రి. విడాకులు కష్టంగా నడిచాయి, 1918లో ఇద్దరూ పెళ్లాడారు. అప్పటి నుంచి అతడి పేరులో గ్రాన్‌విల్‌కూ బార్కర్‌కూ మధ్య చిన్న గీత చేరింది. షాతో స్నేహం తెగిపోయింది. హెలెన్ షాను సహించలేదన్నది ఎక్కువమంది జీవితచరిత్రకారుల మాట.

ధనవంతురాలైన భార్య అతడిని రంగస్థలం నుంచి లాక్కుపోయిందన్న కథ ఇలా పుట్టింది. ఇంత సులువైన వివరణను నేను అంగీకరించలేను. 1904లో విలియం ఆర్చర్‌తో కలిసి అతడు జాతీయ రంగస్థలానికి ఒక సవివరమైన పథకం తయారుచేసి రహస్యంగా ముద్రించాడు. జీతాలు, టికెట్ ధరలు, నాటకాల జాబితా దాకా అన్నీ లెక్కగట్టిన పుస్తకమది. దాతలు బెదరకూడదని ఆ జాబితాలో ఇబ్సెన్‌ను, షాను కూడా చేర్చలేదు. 1907లో అది బహిరంగంగా వెలువడింది. పదేళ్లు గడిచినా ఒక్క ఇటుక పడలేదు. కోర్ట్, సెవాయ్, డ్యూక్ ఆఫ్ యార్క్స్ అనుభవాలన్నీ ఒకే సంగతి చెప్పాయి. శాశ్వతమైన నటబృందం, ప్రజాధనం లేకుండా అతడు కోరిన నాటకరంగం నిలబడదు. ప్రతి సీజన్‌కూ కొత్తగా అప్పులు చేస్తూ ఆ సంగతిని మరో ఇరవయ్యేళ్లు నిరూపించడం అతడికి వ్యర్థమనిపించి ఉండవచ్చు. హెలెన్ డబ్బు అతడికి తప్పుకొనే వీలు కల్పించింది. తప్పుకోవాలన్న కోరికకు మాత్రం మూలం ఈ వైఫల్యాల్లోనే ఉంది.

నష్టం లేదని కాదు. ‘ది సీక్రెట్ లైఫ్’ (1923), ‘హిజ్ మెజెస్టీ’ (1928) నాటకాలు వేదికను దృష్టిలో పెట్టుకోకుండా రాసినట్లుంటాయి. నటులకు దూరమైన రచయిత భాష ఎంత చిక్కబడుతుందో అవి చూపుతాయి. హెలెన్‌తో కలిసి చేసిన స్పానిష్ అనువాదాలు చక్కనివే గాని వాటికి బార్కర్ అవసరం లేదు.

8. పీఠికలు: కాగితం మీద ప్రయోగం

‘షేక్‌స్పియర్ పీఠికలు’ మొదటి సంపుటి 1927లో, రెండోది 1930లో వచ్చాయి. ‘హామ్లెట్’కు 1937లో, ‘ఒథెల్లో’కు 1945లో ప్రత్యేక సంపుటాలు వచ్చాయి. చివరిది అతడి మరణానంతరం 1947లో వెలువడింది. నాటకం సంగీతలిపి వంటిదనీ, ప్రదర్శనలో గాని అది పూర్తికాదనీ వీటన్నింటి వెనుక ఉన్న భావన.

‘కింగ్ లియర్’ను వేదిక మీద ఆడలేమని చార్లెస్ లాంబ్ అన్నాడు. రంగస్థలానికి అది మోయలేనంత పెద్దదని బ్రాడ్లీ కూడా భావించాడు. బార్కర్ సమాధానం ప్రయోక్త సమాధానం. తుపాను యంత్రాల శబ్దంలో లేదు, లియర్ మాటలో ఉంది. నటుడే తుపానై పలకాలని షేక్‌స్పియర్ ఆ పద్యాలు కట్టాడు. వెనుక నుంచి ఉరుములు దంచితే నటుడి మాట వినబడదు, అప్పుడు లియర్ ఆడలేని పాత్ర అవుతుంది. తప్పు నాటకానిది కాదు, రేకులు మోగించేవాడిది.

‘ఆంటోనీ అండ్ క్లియోపాత్రా’ పీఠిక మరీ విలువైనది. ఆ నాటకంలో దృశ్యాలు రోముకూ ఈజిప్టుకూ మధ్య క్షణక్షణం మారతాయి. ప్రతిదానికీ స్థలసూచన రాసి, ముక్కలుగా విడగొట్టి, ఆపై నిర్మాణం చెదిరిపోయిందని నిందించినవారు తరువాతి సంపాదకులు. షేక్‌స్పియర్ వేదిక మీద పాత్ర ఎక్కడ ఉన్నానంటే అదే స్థలం, చెప్పకపోతే స్థలం అనవసరం. ఈ వాదాన్ని ఇంగ్లిష్ పండితులకు వివరించడానికి బార్కర్ పుటల కొద్దీ రాయవలసి వచ్చింది. వీథినాటకమో యక్షగానమో చూసిన తెలుగువారికి ఇది ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. పాత్ర రంగం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చామంటే ఊరు మారినట్టే. అదే పీఠికలో మరో పరిశీలన ఉంది. క్లియోపాత్రా పాత్రను అప్పట్లో ఒక బాలుడు ధరించేవాడు. కనుక షేక్‌స్పియర్ ప్రేమికుల శారీరక సాన్నిహిత్యాన్ని వేదిక మీద చూపే పని పెట్టుకోకుండా, వారి కలహాలు, ఎడబాట్లు, ఇతరుల వర్ణనల ద్వారా ఆ మోహాన్ని కట్టాడు. స్త్రీపాత్రలను పురుషులు ధరించిన మన స్థానం నరసింహారావు కాలపు నాటకప్రతులను ఈ దృష్టితో చదివితే ఏం బయటపడుతుందో పరిశోధకులు పరీక్షించదగినది.

పీఠికల్లో లోపాలు లేకపోలేదు. పాత్రల మనస్తత్వాన్ని అతడు పందొమ్మిదో శతాబ్ది నవలల పద్ధతిలోనే ఊహిస్తాడు. అందులో బ్రాడ్లీకి అతడు ఎంత దూరం జరిగానని అనుకున్నాడో అంత దూరం జరగలేదు. షేక్‌స్పియర్‌కు రచయితగా రాజకీయ ప్రయోజనాలు ఉండవచ్చన్న ధ్యాస అతడికి తక్కువ. ‘వేస్ట్’ రాసినవాడికి ఆ ధ్యాస లేకపోవడం ఆశ్చర్యమే. అయినా, ఒక సంభాషణ తరువాత మౌనం ఎంతసేపుండాలి, ఒక పాత్ర మాట్లాడకుండా నిలబడి ఉన్నప్పుడు ప్రేక్షకుడు ఎవరిని చూస్తాడు వంటి ప్రశ్నలను విమర్శలోకి తెచ్చినవాడు అతడే. మన తరగతుల్లో నాటకాన్ని రసం, నాయికానాయకుల లక్షణాలు, సంధులు అంటూ కావ్యంలాగే బోధిస్తున్నాం. ఆ మాట్లాడని పాత్రను గురించి మనం అడిగే సందర్భం అరుదు.

9. ఓల్డ్ విక్, 1940

1930లో బార్కర్ జాతీయ రంగస్థలం పథకాన్ని కొత్తగా రాశాడు. ఈసారి ఒకే కప్పు కింద రెండు వేదికలు కావాలన్నాడు. అప్పటికి అతడి నివాసం పారిస్.

1940లో లండన్ ఓల్డ్ విక్‌లో జాన్ గీల్‌గుడ్ లియర్ పాత్ర ధరించడానికి సిద్ధపడి బార్కర్‌ను సంప్రదించాడు. దర్శకుడిగా ప్రకటించిన పేరు లూయిస్ కాసన్‌ది. కోర్ట్ థియేటర్ రోజుల్లో బార్కర్ కింద నటించినవాడే అతడు. బార్కర్ పారిస్ నుంచి వచ్చి సుమారు పదిరోజులు అభ్యాసాలు నడిపాడు. అతడి పట్టు సడలలేదనీ, ఒక్కో పంక్తినీ ఆపి, విప్పి, తిరిగి కట్టించాడనీ గీల్‌గుడ్ రాశాడు. తుపాను దృశ్యంలో లియర్ ఏం చేయాలన్నది అతడు అప్పటికి పదమూడేళ్లుగా కాగితం మీద చెబుతున్నదే. ఏప్రిల్‌లో నాటకం వచ్చింది, జూన్‌లో పారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. బార్కర్ దంపతులు అమెరికా చేరారు. యుద్ధం ముగిశాక పారిస్‌కు తిరిగివచ్చి 1946 ఆగస్టు 31న అతడు అక్కడే మరణించాడు. ఆ పదిరోజుల తరువాత మరే నాటకం అభ్యాసాల్లోనూ అతడు పాల్గొనలేదు.

లియర్ గురించి బార్కర్ ఇచ్చిన సూచనలను గీల్‌గుడ్ 1963లో తన పుస్తకంలో అనుబంధంగా ప్రచురించాడు. ఇంగ్లండ్ జాతీయ రంగస్థలం బృందం తొలి ప్రదర్శన ఇచ్చినది కూడా ఆ ఏడు అక్టోబరులోనే, అదే ఓల్డ్ విక్ వేదిక మీద.